1500 వాట్స్ రాడ్‌కి లెక్కేస్తే 1305 వాట్సే వస్తోంది, రాడ్ పోయినట్టేనా?

మారతహళ్ళి_పీజీ:
అందరికీ నమస్తే. బెంగళూరులో పీజీలో ఉంటున్నా, గీజర్ పొద్దున్నే ఆపేస్తారు కాబట్టి బకెట్‌లో హీటర్ రాడ్ పెట్టుకుంటా. దాని మీద 230 వోల్ట్స్, 1500 వాట్స్ అని రాసుంది. ఈమధ్య నీళ్ళు కాగడం లేటవుతోందని ఆఫీసులో ఎలక్ట్రీషియన్ అన్న దగ్గర క్లాంప్ మీటర్ (వైరు చుట్టూ తగిలిస్తే కరెంట్ ఎంతో చూపించేది) అడిగి తెచ్చి చూస్తే, రాడ్ నడుస్తుండగా 214 వోల్ట్స్, 6.1 యాంప్స్ చూపించింది. రెండూ గుణిస్తే 1305. మిగతా 195 వాట్స్ ఎటు పోయినట్టు? ఇంకోటి, ఎక్స్‌టెన్షన్ బోర్డులో ప్లగ్ ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది.

ఈఈఈ_సీనియర్:
తమ్ముడూ, రాడ్ బంగారంలా ఉంది, మార్చకు. వాట్స్ కాదు, ముందు రెసిస్టెన్స్ (కరెంట్‌ని ఎంత అడ్డుకుంటుందో, ఓమ్స్‌లో కొలుస్తారు) చూడు, రాడ్‌కి సొంతమైంది అదొక్కటే. నీ రీడింగ్ ప్రకారం 214 ÷ 6.1 అంటే 35.1 ఓమ్స్. కంపెనీ లెక్క ప్రకారం 230ని 230తో గుణించి 1500తో భాగిస్తే 35.3, అంటే రెండూ ఒకటే. తగ్గింది వోల్టేజ్. పవర్ వోల్టేజ్ స్క్వేర్‌ని బట్టి మారుతుంది కాబట్టి వోల్టేజ్ 7 శాతం పడితే పవర్ 13 శాతం పడిపోతుంది. 18 లీటర్ల నీళ్ళు 20 డిగ్రీలు పెరగాలంటే 1500 వాట్స్ మీద 17 నిమిషాలు, నీకు 19 దాటుతుంది, అంతే తేడా. ఆ 195 వాట్స్ ఎటూ పోలేదు, నువ్వసలు లైన్లోంచి తీసుకోలేదు, బిల్లులోనూ పడదు.

వైరింగ్_పని:
లెక్క కరెక్టే గానీ నాకు భయం ఆ ప్లగ్ గురించే బ్రదర్. చిన్న పిన్నుల ప్లగ్ 6 యాంప్స్‌కే, నువ్వు ఆల్రెడీ 6.1 లాగుతున్నావ్, వోల్టేజ్ 230కి వస్తే 6.5 అవుతుంది. లోపల స్ప్రింగ్ పట్టు వదిలితే పిన్ను దగ్గర అర ఓమ్ రెసిస్టెన్స్ చాలు, కరెంట్ స్క్వేర్ ఇంటూ రెసిస్టెన్స్ లెక్కన 6.1 × 6.1 × 0.5, దాదాపు 19 వాట్స్ ఆ చిన్న ఇత్తడి ముక్కలోనే వేడి అవుతుంది. వేడికి స్ప్రింగ్ ఇంకా వదులవుతుంది, రెసిస్టెన్స్ ఇంకా పెరుగుతుంది, చివరికి ప్లాస్టిక్ కరుగుతుంది. పిన్నులు నల్లబడ్డాయేమో స్విచ్ ఆపి, ప్లగ్ పీకి చూడు. ఈ రోజే ఆ బోర్డు పక్కన పెట్టెయ్, గోడకున్న 16 యాంప్స్ పెద్ద సాకెట్‌కి పెద్ద ప్లగ్ వేయించుకుని డైరెక్ట్‌గా పెట్టు, ఎర్త్ పిన్ను తప్పనిసరి. స్విచ్ ఆపి ప్లగ్ తీశాకే నీళ్ళు వేడెక్కాయో లేదో చెయ్యి పెట్టి చూడు, ప్లీజ్.

మారతహళ్ళి_పీజీ:
థాంక్స్ అన్నా, తీసి చూశా, ఒక పిన్ను నిజంగానే నల్లగా ఉంది. వార్డెన్‌తో మాట్లాడి పెద్ద సాకెట్ వాడతా. ఇదే లెక్క రూమ్‌లో మిగతా వాటికీ పనిచేస్తుందా, ఫ్యాన్, బల్బు?

ఈఈఈ_సీనియర్:
ఇస్త్రీ పెట్టె, గీజర్ లాంటి వేడి చేసేవాటికి బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఫ్యాన్, ఫ్రిజ్ లాంటి మోటార్లకి వోల్ట్స్ ఇంటూ యాంప్స్ చేస్తే వచ్చేది వాట్స్ కాదు, వీఏ (వోల్ట్-యాంప్స్), దాన్ని పవర్ ఫ్యాక్టర్‌తో, అంటే అందులో ఎంత వంతు నిజంగా వాట్స్‌గా ఖర్చవుతుందో ఆ అంకెతో కూడా గుణించాలి. పాత 100 వాట్స్ ఫిలమెంట్ బల్బు వెలుగుతున్నప్పుడు 529 ఓమ్స్, అదే ఆపి చల్లగా ఉన్నప్పుడు మీటర్ పెడితే అందులో పదో వంతు కూడా చూపించదు, అది పాడైనట్టు కాదు, వేడికి ఫిలమెంట్ రెసిస్టెన్స్ అంత పెరుగుతుంది. నీ రాడ్‌లో ఉండేది నైక్రోమ్ తీగ, వేడికి దాని రెసిస్టెన్స్ పెద్దగా మారదు కాబట్టి చల్లగా ఉన్నా కొలవొచ్చు, 35కి దగ్గర్లోనే వస్తుంది. అయితే ఓమ్స్ కొలిచేటప్పుడు ప్లగ్ బయటికి తీసి ఉండాలి. కరెంట్ కొలిచేటప్పుడు క్లాంప్ ఒక్క వైరు చుట్టూ మాత్రమే పెట్టాలి, రెండు వైర్లూ కలిపి పెడితే సున్నా చూపిస్తుంది.