లారీ కమాన్ పట్టీలకు గ్రీజు పూయాలా, వద్దా?

లారీ_ఓనర్: కమాన్ పట్టీలు (బండి బరువు మోసే, ఒకదాని మీద ఒకటి పేర్చిన స్ప్రింగు పట్టీలు) కిర్రుకిర్రుమంటున్నాయి. మెకానిక్ విప్పి, తుప్పు గీకి, మధ్యలో గ్రాఫైట్ గ్రీజు పూస్తానంటాడు. మా పాత డ్రైవరేమో "గ్రీజు పూస్తే బండి ఊగుద్ది, ముట్టుకోవద్దు" అంటాడు. ఎవరి మాట వినాలి?

హైవే_డ్రైవర్: డ్రైవర్ మాటే రైటు. పట్టీకి పట్టీ రాసుకుంటేనే కదా ఊపు చచ్చేది! గ్రీజు పూశాక లోడుతో గుంత దిగి చూడండి, దాటాక కూడా బండి ఊగుతూనే ఉంటది.

మెకానికల్_సార్: గుంత వరకూ మీరన్నది నిజం. దెబ్బ ఒక్కటే కాబట్టి పొడి రాపిడి ఊపును కాసేపట్లో మింగేస్తుంది. సిమెంటు రోడ్డు దగ్గరే తేడా వస్తుంది. అక్కడ సుమారు నాలుగున్నర మీటర్లకో జాయింటు. గంటకు 36 కి.మీ. అంటే సెకనుకు 10 మీటర్లు, రెండు దెబ్బల పైమాటే. లోడు బండి దానంతటది సెకనుకు ఊగే లెక్క (సహజ ఊపు) కూడా ఇంచుమించు అంతే ఉంటుంది. రెండింటి తాళం కలిస్తే, ఊపు రెట్టింపైతే రాపిడి తినే శక్తీ రెట్టింపే, రోడ్డు ఇచ్చే శక్తీ రెట్టింపే. అంటే మొదట్లో వెనకబడ్డ రాపిడి ఎప్పటికీ పైచేయి సాధించలేదు. రాపిడి బలం, ఊపే బలంలో 0.785 వంతు (π/4) కంటే తక్కువైతే, లెక్క ప్రకారం ఊపుకు హద్దే లేదు. పొడి రాపిడితో ఇలా ఆగకుండా ఊగే వాటికి డెన్ హార్టాగ్ అనే ఇంజనీరు 1931లోనే లెక్క తేల్చాడు. ఊపును అణిచే షాక్ అబ్జార్బర్‌లో (షాకులో) నూనె అలా కాదు, ఊపు రెట్టింపైతే నాలుగింతలు తింటుంది.

హైవే_డ్రైవర్: హద్దు లేదంటే లారీ గాల్లోకి లేస్తదా సార్? నేనైతే చూళ్లేదు.

మెకానికల్_సార్: లేవదు. ఈలోపే కమాను కదలికకు అడ్డుగా పెట్టే బంప్ స్టాప్ రబ్బరుకు కొట్టుకుంటుంది, లేదా మీరే స్పీడు మారుస్తారు, తాళం తప్పుతుంది. అలా యాక్సిలరేటర్ మీంచి కాలు తీయడమే మిమ్మల్ని కాపాడుతోంది, పట్టీల రాపిడి కాదు.

గ్యారేజీ_అన్న: రాపిడి ఎక్కువైనా తంటానే. తుప్పుతో బిగుసుకున్న పట్టీలు చిన్న దెబ్బలకు జారనే జారవు. అప్పుడు కమాను ఇనప దిమ్మే, బండి టైర్ల మీద ఎగురుద్ది. ఖాళీ బండిలో నడుం పోయేది అందుకే. కింది పట్టీ కొస రాసుకున్న చోట పై పట్టీకి గాడి పడుద్ది, తర్వాత పగులు అక్కణ్నించే మొదలు. విప్పినప్పుడు ఆ గాడిలో వేలు పెట్టి చూడండి.

లారీ_ఓనర్: మరి మా బండికి వెనక షాకులే లేవు, ముందు మాత్రమే ఉన్నాయి.

హైవే_డ్రైవర్: అద్గదీ! షాకుల్లేని చోట ఉన్న ఆ కాస్త రాపిడి కూడా తీసేస్తే ఇంకేం మిగుల్తది?

మెకానికల్_సార్: వెనక విషయంలో మీతో ఏకీభవిస్తాను. హద్దు వేయలేకపోయినా అక్కడ ఊపును తినేది దాదాపుగా ఆ రాపిడే. ముందు మాత్రం నూనె ఉండగా పొడి రాపిడిని నమ్ముకోవడం అనవసరం.

గ్యారేజీ_అన్న: వెనక తుప్పు గీకి వదిలేయండి, గాడి పడ్డ పట్టీ ఉంటే మార్చండి. ముందు గ్రీజు పూయించొచ్చు. కాకపోతే షాకుల ఒంటి మీద నూనె జిడ్డు ఉందేమో చూడండి. కారుతుంటే వాటినే ముందు మార్చాలి.

హైవే_డ్రైవర్: కారని షాకు ఉన్న లారీ ఎక్కడుంది అన్నా?