వారం రోజుల నారోబోట్: పెద్దలు, పిల్లలతో ఫోర్ కౌంటీస్ రింగా, లాంగోలెన్ కాలువా?

రీడింగ్‌వాసి
ఆగస్టు స్కూలు సెలవుల్లో ఒక వారం నారోబోట్, అంటే ఇక్కడి ఇరుకు కాలువల్లో తిరిగే ఇల్లులాంటి సన్నటి పడవ, అద్దెకు తీసుకుందామనుకుంటున్నాం. ఆరుగురం: మేమిద్దరం, 9, 5 ఏళ్ల పిల్లలు, ఇండియా నుంచి వస్తున్న అత్తగారు, మామగారు. మామగారికి 71, మోకాళ్ల నొప్పులు. పడవ నడిపిన అనుభవం ఎవరికీ లేదు. శనివారం మధ్యాహ్నం 3 గంటలకు పడవ ఇస్తారు, తర్వాతి శనివారం ఉదయం 9కి తిరిగి అప్పజెప్పాలి. మావారు ఫోర్ కౌంటీస్ రింగ్ (కొన్ని కాలువలు కలిసి చుట్టుగా వచ్చే దారి) చుట్టి వద్దామంటున్నారు, వెళ్లిన దారినే వెనక్కి రావడం ఎందుకని. నాకు లాంగోలెన్ కాలువ మీద మనసుంది. తెలిసినవాళ్లు లెక్కలతో చెప్పండి.

కాలువగట్టు
మీ మనసు చెప్పిందే సరైనదండీ. ఇక్కడ మ్యాపు చూసి మైళ్లు లెక్కపెడితే మోసపోతాం. మైళ్లకు లాకులు (పడవను పైకెత్తే, కిందికి దించే తలుపుల తొట్లు) కలిపి 3తో భాగించాలి, వచ్చినన్ని గంటలు పడుతుంది. రింగ్ 110 మైళ్లు, 94 లాకులు. మొత్తం 204, అంటే 68 గంటలు. శనివారం సాయంత్రం రెండు మూడు గంటలు నడిపారనుకుందాం. మిగిలిన 65 గంటలు ఆరు రోజులకు పంచితే రోజుకు దాదాపు 11 గంటలు. అందులో నీళ్లు పట్టుకోవడం, అంగడికి వెళ్లడం, లాకు దగ్గర వరసలో నిలబడటం లేవు.

కాలువలో గరిష్ఠ వేగం గంటకు 4 మైళ్లు. కానీ లోతు తక్కువ కాబట్టి నిజంగా దొరికేది మూడు కంటే తక్కువే. ఇంజను ఎంత పెంచినా పడవ వెనక భాగం కిందికి కుంగి గట్టు కోసుకుపోతుంది తప్ప వేగం రాదు. కట్టేసి ఉన్న పడవల పక్కనుంచి పోయేటప్పుడు ఇంజను నెమ్మది మీదే ఉంచాలి. లేకపోతే వాళ్ల మేకులు ఊడొస్తాయి. ఊళ్ల దగ్గర అలాంటి పడవలు అర మైలు పొడవునా ఉంటాయి. ఒకరోజు వెనకబడితే ఆ గంటలు మళ్లీ సంపాదించే దారి లేదు.

విండ్‌లాస్
గంటకు మూడు అనేది మొదటి రోజు లెక్క. మూడో రోజుకి జట్టు కుదురుకుంటే ఇరుకు లాకు పది నిమిషాల పని. ఒకరు పడవ నడుపుతారు, ఒకరు లాకు తిప్పుతారు, ఇంకొకరు గట్టు మీద ముందుకు నడిచి తర్వాతి లాకు సిద్ధం చేస్తారు. గంటకు నాలుగు పడితే 204కి 51 గంటలు, రోజుకు ఎనిమిది. ఆగస్టులో రాత్రి ఎనిమిది దాకా వెలుతురుంటుంది. వీలాక్ నుంచి పైకెక్కే చెషర్ లాకులకు భయపడక్కర్లేదు. చాలాచోట్ల పక్కపక్కనే రెండేసి లాకులున్నాయి, ఒకటి నిండి ఉంటే రెండోదాంట్లోకి వెళ్లొచ్చు.

అసలు 9 ఏళ్ల పిల్లవాడికి కాలువ అంటే లాకే. ప్యాడిల్ (నీళ్లు వదిలే తూము పలక) తిప్పడం, నీళ్లు సుళ్లు తిరుగుతూ నిండటం, తలుపు దూలాన్ని వీపుతో నెట్టడం. రింగులో టిక్సాల్ వైడ్ ఉంది, హేర్‌కాజిల్ సొరంగం ఉంది, ఆడ్లెంలో మెట్లలా లాకుల వరస ఉంది. స్టోన్, పెంక్‌రిడ్జ్, మార్కెట్ డ్రేటన్, నాంట్‌విచ్, రోజుకో ఊరు. లాంగోలెన్ ఆగస్టులో ఎలా ఉంటుందో కూడా చెప్పాలి కదా. ఆ కాలువ అందరికీ ఇష్టమైనది, కాబట్టి అందరూ అక్కడే ఉంటారు. ఇరుకు భాగాల్లో ఎదుటి పడవల కోసం ఆగాలి, ఊళ్లో కట్టుకోవడానికి చోటు కోసం వెతుక్కోవాలి.

కాలువగట్టు
విండ్‌లాస్ గారూ, మీ గంటకు నాలుగు లెక్క ముగ్గురు గట్టి మనుషులున్న పడవది. ఇక్కడ ఆరుగురున్నా లాకు పని చేయగలిగేది ఇద్దరే. ఆ ఇద్దరిలో ఒకరి చేయి చుక్కాని మీద ఉంటుంది. రెండో మనిషి లాకు తిప్పుతుంటే 5 ఏళ్ల పాప మీద కన్నెవరిది? లోతు పది అడుగుల లాకు అంచున పాపను పట్టుకునే పని 71 ఏళ్ల మామగారికి అప్పజెప్పలేం. ముందుకు నడిచి లాకు సిద్ధం చేసే మూడో మనిషి మీ జట్టులో ఉన్నాడు, వీళ్ల జట్టులో లేడు. చేతులు లెక్కపెట్టాలి గానీ పడకలు లెక్కపెట్టకూడదు.

హేర్‌కాజిల్ సొరంగం 2,926 గజాలు, దాటడానికి సుమారు 40 నిమిషాలు. ఒకేసారి ఒకవైపే వదులుతారు, కాపలాదారులుంటారు, వేళలుంటాయి. ఆ వేళ తప్పితే మర్నాటి దాకా ఆగాల్సిందే. లోపల పైకప్పు కొన్నిచోట్ల బాగా కిందికుంటుంది. చిన్నపిల్లలు చీకటికి భయపడితే మధ్యలో చేయగలిగింది ఏమీ ఉండదు.

రింగుకు ఇంకో బలహీనత: గొలుసులో ఒక లంకె తెగితే చుట్టు పూర్తికాదు. 2018 మార్చిలో మిడిల్‌విచ్ బ్రాంచికి గండి పడి డిసెంబరు దాకా మూసేశారు. వేసవిలో నీళ్లు తక్కువై లాకుల వేళలు కుదించే ఏళ్లూ ఉంటాయి. వెళ్లి వెనక్కి వచ్చే దారిలో ఎక్కడ అడ్డం వచ్చినా అక్కడి నుంచి తిరిగి రావచ్చు. ఏ దారి ఎంచుకున్నా, ఈ కాలువలు చూసుకునే కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ పెట్టే మూసివేత నోటీసులు బుకింగుకు ముందొకసారి, బయల్దేరే ముందొకసారి చూడండి.

లాకులవారు
రింగా, లాంగోలెనా అన్నది తర్వాత చూద్దురు గానీ, లాకులో ప్రమాదం ఎక్కడ జరుగుతుందో ముందు తెలుసుకోండమ్మా. గోదావరి డెల్టా వాళ్లకు లాకు అన్న మాట కొత్త కాదు. ధవళేశ్వరం ఆనకట్ట నాటి పడవ కాలువల లాకులదీ ఇదే సూత్రం. మీ మామగారు అటువైపు వారైతే ఆయనే పిల్లలకు చెబుతారు.

కిందికి దిగేటప్పుడు పై తలుపు వైపు, నీళ్లలో ఒక గడప ఉంటుంది. ఇక్కడ సిల్ అంటారు. లాకు నిండుగా ఉన్నప్పుడు కనబడదు. అది ఎక్కడిదాకా ఉందో చెప్పేందుకు గోడ మీద తెల్లగీత ఉంటుంది. పడవ అమరం, అంటే వెనక భాగం, ఆ గీతకు బాగా ముందుండాలి. లేకపోతే నీళ్లు దిగుతుంటే అమరం గడప మీద ఆగిపోతుంది, ముక్కు మాత్రం కిందికి పోతుంది. పదిహేను ఇరవై టన్నుల పడవ అలా ఒరిగితే నిమిషాల్లో మునుగుతుంది. ఆగిందని తెలిసిన క్షణాన కింది ప్యాడిళ్లు మూసేయాలి. తర్వాత పై ప్యాడిళ్లు కొద్దికొద్దిగా తెరిచి నీళ్లు నింపితే పడవ మళ్లీ తేలుతుంది. పైకెక్కేటప్పుడు దీనికి తిరగేసి: ముక్కు తలుపు దూలం కింద ఇరుక్కుంటే పై ప్యాడిళ్లు మూసి కిందివి తెరవాలి. రెండిట్లోనూ మొదటి పని నీటి కదలిక ఆపడమే. అందుకే ప్యాడిల్ దగ్గరి మనిషి పడవను చూస్తూనే ఉండాలి, ఫోను చూడకూడదు.

విండ్‌లాస్, అంటే ప్యాడిల్ తిప్పే ఎల్ ఆకారం ఇనప చేయి. దాన్ని ఇరుసు మీద వదిలేసి పోకండి. ఆపే పన్ను జారితే గిర్రున తిరిగి దవడ పగలగొడుతుంది. పడవకూ గోడకూ మధ్య చేయి గానీ కాలు గానీ అడ్డం పెట్టొద్దు. మామగారిని లాకుకు ముందున్న రేవులోనే దించేయండి. లాకు గోడకున్న నిచ్చెనలు పాచి పట్టి ఉంటాయి, ఆ మోకాళ్లతో ఎక్కకూడదు.

ఎవరైనా నీళ్లలో పడితే మొదట ఇంజను న్యూట్రల్‌లో పెట్టండి. పంకా (ప్రొపెల్లర్) తిరుగుతుండగా పడవ వెనక్కి నడపొద్దు. కాలువ చాలాచోట్ల నడుం లోతే, నిలబడమని అరవండి. లాకులోనూ, అక్విడక్ట్ (కాలువను లోయ మీదుగా దాటించే వంతెన) మీదా మాత్రం ఈ మాట వర్తించదు. పిల్లలకు లైఫ్‌జాకెట్లు బరువును బట్టి ఇస్తారు, బుకింగులోనే బరువులు చెప్పండి.

విండ్‌లాస్
ఇద్దరి చేతుల లెక్క ఒప్పుకుంటున్నాను. ఈ జట్టుకు వారంలో రింగ్ వద్దు, రెండు వారాలైతే చేయండి. కానీ లాకుల్లేని కాలువ మాత్రం ఒప్పుకోను. చర్క్ నుంచి లాంగోలెన్ దాకా ఒక్క లాకూ లేదు. అటు ఎల్స్‌మియర్ వైపు పోతే న్యూ మార్టన్‌లో రెండున్నాయి, అంతే. మూడో దారి చూడండి: ష్రాప్‌షర్ యూనియన్ మీద మార్కెట్ డ్రేటన్ నుంచి ఆడ్లెంకు వెళ్లి రావడం. ఆడర్లీలో 5, ఆడ్లెంలో 15, రెండూ ఆరేడు మైళ్లలోపే. రోజుకు ఐదారు లాకులు పెట్టుకుని మధ్యాహ్నానికి ఆగిపోవచ్చు. కిందికి దిగితే అందమైన ఊరు. నచ్చితే నాంట్‌విచ్ దాకా పోవచ్చు, నచ్చకపోతే తిరగొచ్చు.

కాలువగట్టు
మంచి దారే, మోకాళ్లు బాగున్నవాళ్లకి. ష్రాప్‌షర్ యూనియన్‌లో చాలాచోట్ల నీటి కింద రాతి అరుగు ఉంటుంది. పడవ గట్టుకు ఆనదు, అడుగు రెండడుగుల ఎడం ఉండిపోతుంది, రాత్రంతా అరుగుకు కొట్టుకుంటుంది. దానికి చిన్న చక్రాల్లాంటి ఫెండర్లు పెట్టుకుంటారు, అద్దె పడవల్లో అవి ఉంటాయో లేదో ముందే అడగాలి. ఆ ఎడాన్ని మామగారు రోజుకు నాలుగుసార్లు దాటాలి. పలక వేసినా అది ఊగుతుంది.

లాంగోలెన్‌కు నా ప్రణాళిక ఇది. చర్క్ దగ్గర మొదలుపెట్టి తూర్పుకు, ఎల్స్‌మియర్ మీదుగా విక్సాల్ మాస్ దాకా వెళ్లి రండి. న్యూ మార్టన్ లాకులు పోను రాను కలిపి నాలుగుసార్లు, పిల్లలకు నేర్చుకోవడానికి సరిపోతాయి. తర్వాత పడమరకు లాంగోలెన్. అంతా కలిపి సుమారు 46 మైళ్లు. లాకులతో 50, అంటే 17 గంటలు, ప్రవాహానికి ఇంకో మూడు గంటలు కలుపుకోండి. రోజుకు మూడున్నర గంటలు దాటదు.

ప్రవాహం ఎందుకన్నానంటే, ఈ కాలువ డీ నదిలోని హార్స్‌షూ ఫాల్స్ నుంచి హర్ల్‌స్టన్ జలాశయానికి తాగునీళ్లు తీసుకెళ్తుంది. అందుకని నీళ్లు తూర్పుకు పారుతుంటాయి. పడమరకు వెళ్తే, ముఖ్యంగా చర్క్ సొరంగంలో, పడవ కదులుతుందా అనిపిస్తుంది. ఇంజను పెంచకండి, ఓపిక పట్టండి. వారాంతం రద్దీ తప్పేలా లాంగోలెన్‌కు వారం మధ్యలో చేరండి. ఊరి ముందు ఇరుకు భాగాల్లో ఎదురెదురు పడవలు పట్టవు. ఒకరు గట్టు మీద ముందుకు నడిచి, దారి ఖాళీ ఉందో లేదో చూసి చెప్పాలి. ఇక్కడే 9 ఏళ్లవాడికి అమ్మతో కలిసి చేసే అసలైన పని దొరుకుతుంది.

రీడింగ్‌వాసి
పొంట్‌కసుల్తె అక్విడక్ట్ మీద ఒకవైపు కటకటాలు ఉండవని విన్నాను. పిల్లలతో వెళ్లొచ్చా?

లాకులవారు
వెళ్లొచ్చు. 1805లో టెల్ఫర్డ్, జెస్సప్ కట్టినది, 307 మీటర్ల పొడవు, 38 మీటర్ల ఎత్తు, పోత ఇనప తొట్టి. గట్టు వైపు నడకదారికి కటకటాలుంటాయి. రెండోవైపు తొట్టి అంచు నీటికి కొన్ని అంగుళాలే పైన, ఆ తర్వాత లోయే. పిల్లలు లోపల కిటికీ దగ్గర కూర్చోవాలి, లేదా ముందు డెక్‌లో పెద్దవాళ్ల పక్కన. పైకప్పు మీదా, పక్కనున్న సన్నటి అంచు మీదా ఎవరూ ఉండకూడదు. పడవ తొట్టికి తగులుతూ తనంతట తానే నడుస్తుంది, పక్కకు పోవడానికి చోటు లేదు. ఎత్తంటే కళ్లు తిరిగేవాళ్లు నడకదారిన రావొచ్చు. అడుగు పెట్టేముందు ఎదురుగా పడవ వస్తోందేమో చూడండి, లోపల దాటుకునే చోటు లేదు.

పప్పుచారు
దారి గురించి అందరూ చెప్పారు, పడవలో వంట గురించి ఎవరూ చెప్పలేదు. ఆరుగురికి మూడు పూటలా అన్నం వండే పడవ వేరు, శాండ్‌విచ్ పడవ వేరు.

కరెంటు బ్యాటరీల నుంచి వస్తుంది. ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్ తీసుకెళ్లొద్దు. మిక్సీ తిరుగుతుందో లేదో ఇన్వర్టర్ వాట్లను బట్టి ఉంటుంది, అడిగి తెలుసుకోండి. తిరిగినా ఇంజను నడుస్తున్నప్పుడే వేసుకోండి. కట్టేసిన పడవలో రాత్రి 8 నుంచి ఉదయం 8 దాకా ఇంజను నడపకూడదన్నది నియమం. పచ్చళ్లు, పొడులు, అల్లంవెల్లుల్లి ముద్ద ఇంట్లోనే చేసుకెళ్లండి. మూడు లీటర్ల ప్రెషర్ కుక్కర్లు రెండుంటే గ్యాసూ, ఆవిరీ రెండూ తగ్గుతాయి.

వాన పడుతోందని గాలి జాలీలకు గుడ్డలు కుక్కడం ప్రాణం మీదికి తెస్తుంది. గ్యాసు పొయ్యి వెలుగుతుంటే కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది, దానికి వాసన ఉండదు. అలారం ఉందో లేదో చూసి, మొదటి రోజే బటన్ నొక్కి పరీక్షించండి. చలేస్తోందని పొయ్యి వెలిగించి ఉంచొద్దు. బొగ్గుల పొయ్యి ఆరినట్టున్నా సరే, లోపలికి తేవద్దు.

అన్నం గంజి, నూనె సింకులో పోయకండి, అది నేరుగా కాలువలోకే పోతుంది.

రీడింగ్‌వాసి
చర్క్ నుంచే అనుకుంటున్నాం, మావారూ సరే అన్నారు. రెండు పడవలు చూశాం. 58 అడుగులది, ఆరు పడకలు, ఒకటే టాయిలెట్, క్యాసెట్ రకం (డబ్బా తీసుకెళ్లి మనమే పారబోయాలి). రెండోది 66 అడుగులు, రెండు టాయిలెట్లు, పంప్‌ఔట్ (ట్యాంకులో చేరినదాన్ని పంపుతో లాగేస్తారు). ధర తేడా బాగానే ఉంది.

కాలువగట్టు
66 తీసుకోండి. క్యాసెట్‌లో పట్టేది 20 లీటర్లే. ఆరుగురుంటే రోజు, రోజున్నరకు నిండుతుంది. దాన్ని మోసుకెళ్లి ఎల్సాన్ పాయింట్‌లో పోయడం రోజూ మీవారి పని అవుతుందని ఇప్పుడే చెప్పండి ఆయనకి. పంప్‌ఔట్ ట్యాంకు వారం గడుస్తుంది, గడుస్తుందో లేదో ఆరుగురని చెప్పి అడగండి. 58లో ఆరు పడకలంటే అందులో రెండు భోజనం బల్ల మడిచి వేసేవే అయ్యుంటాయి. అత్తగారు, మామగారికి కదల్చక్కర్లేని పడక ఉందా అన్నది గది బొమ్మ చూసి తేల్చుకోండి. లోపలి వెడల్పు ఆరడుగులే, రాత్రి ఒకరు లేస్తే ఇంకొకరి పక్కనుంచి పోవాలి.

పొడవు పెరిగితే ఒక చిక్కుంది. 66 అడుగుల పడవ వైండింగ్ హోల్‌లోనే (పడవ తిప్పుకోవడానికి కాలువను వెడల్పు చేసిన చోటు) తిరగగలదు, అదీ అన్నిట్లో కాదు. కాలువ గైడులో ఒక్కోదానికి ఎంత పొడవు పడుతుందో రాసి ఉంటుంది. విక్సాల్ వైపు ఎక్కడ తిరగాలో పడవ ఇచ్చేవాళ్ల చేత మ్యాపు మీద గుర్తు పెట్టించుకోండి.

విండ్‌లాస్
ఇంకో రెండు. రోజూ సాయంత్రం పంకా ఇరుసు దగ్గరి గ్రీజు మర బిగుసుకునే దాకా తిప్పండి, నీటి చుక్కలు ఆగాలి. పడవ బలహీనంగా లాగుతూ నల్లటి పొగ వస్తే పంకాకు గడ్డో, గుడ్డో చుట్టుకుందని అర్థం. ఇంజను ఆపి, తాళంచెవి తీసి జేబులో పెట్టుకుని, అప్పుడు వీడ్ హాచ్ (పంకా పైనుండే మూత) తెరవండి. పని అయ్యాక మూత గట్టిగా బిగించకుండా ఇంజను వేస్తే నీళ్లు పడవలోకి ఎగజిమ్ముతాయి. నీళ్ల ట్యాంకు రోజూ నింపండి, గంట పడుతుంది, ఆ గంటను భోజనానికి పెట్టుకోండి. శుక్రవారం రాత్రి మాత్రం బేస్‌కు గంట దూరంలోపే కట్టేయండి.

లాకులవారు
మొదటి రోజు పడవ మీ చేతికిస్తూ వాళ్లు చూపించేటప్పుడు వీడ్ హాచ్ మూత మీరే ఒకసారి తీసి, మీరే బిగించి చూడండమ్మా. ఇద్దరూ చేయండి, మీవారొక్కరే కాదు.