ఆర్ కొత్త వెర్షన్ వేశాక పాత ప్యాకేజీలు: ఫోల్డర్ కాపీ కొట్టాలా, మొదట్నించి దించుకోవాలా?

అల్లూరు_చెరువు:
అన్నలందరికీ నమస్తే. మాది రొయ్యల చెరువుల నీళ్లు టెస్ట్ చేసే చిన్న ల్యాబ్. తెల్లారుజామున తీసిన ఆక్సిజన్, పీహెచ్, సెలినిటీ అన్నీ ఆర్‌లో (లెక్కలు, గ్రాఫులు చేసే సాఫ్ట్‌వేర్) ఎక్కించి చెరువుకో రిపోర్టు ఇస్తాం, పైన చిన్న మ్యాపు కూడా. నిన్న మా కుర్రోడు నాతో ఒక్క ముక్క అనకుండా 4.1 తీసేసి 4.4 వేశాడు. ఇప్పుడు ఏ లైబ్రరీ (ఆర్‌కి అదనంగా వేసుకునే ప్యాకేజీ) పిలిచినా అట్టాంటి ప్యాకేజీ లేదంటుండాది. 143 ఉండేవి. పాత ఫోల్డరేమో డాక్యుమెంట్స్‌లో అట్నే ఉండాది. కాపీ చేసి పడేస్తే సరిపోద్దా? రేపు 22 చెరువుల రిపోర్టులియ్యాల.

ఒంగోలు_గిత్త:
కాపీ కొట్టొద్దు తమ్ముడూ. 2022లో 4.2 వచ్చినప్పుడు విండోస్‌లో ఆర్ నడిచే రన్‌టైమే (కింద ఉండే సీ లైబ్రరీ) మార్చేశారు, సీ, ఫోర్ట్రాన్ కోడ్ ఉన్న ప్యాకేజీలన్నీ మళ్ళీ వేసుకోవాల్సిందే. ప్యాకేజీల ఫోల్డర్ కూడా అప్పుడే డాక్యుమెంట్స్ లోంచి యాప్‌డేటా కిందకి పోయింది. 4.4.1 నుంచి 4.4.2కి పోతే ఫోల్డర్ అదే వాడుకుంటది, మధ్య నంబరు మారితేనే కొత్తది, అందుకే నీకు అంతా ఖాళీగా కనపడతంది. పాత ఫోల్డర్లో పేర్లు లిస్టు తీసుకో, కొత్త దాంట్లో ఇన్‌స్టాల్ కొట్టు, పాతది డిలీట్ చెయ్. అరగంట పని.

మూలాపేట_మాస్టారు:
అరగంటంట! అబ్బయ్యా, ఆ పిలకాయని భయపెట్టబాక. ఆర్ వాళ్ళ విండోస్ ఎఫ్ఏక్యూలోనే రాసుండాది, పాత ప్యాకేజీలు కొత్త లైబ్రరీలోకి కాపీ చేసుకోవచ్చని. నేను మూడుసార్లు అట్నే చేసుండా, ఏమీ కాలా. డిలీట్ మాత్రం చెయ్యబాక నాయనా.

ఒంగోలు_గిత్త:
మాస్టారూ, మీరు సగమే చదివారు. కాపీ చేశాక అప్‌డేట్ ప్యాకేజెస్‌లో చెక్‌బిల్ట్ ట్రూ పెట్టి కొట్టమని ఆ పక్కనే ఉంది. అంటే పాత ఆర్‌లో తయారైనవన్నీ ఎట్టాగూ మళ్ళీ దిగుతాయి. ఇంక కాపీ దేనికి?

మూలాపేట_మాస్టారు:
నువ్వు అడిగిందేంది, నేను చెప్పిందేంది. కాపీ చెయ్యొద్దన్నావు, చెయ్యొచ్చని వాళ్ళే రాసుండారు. అది ఒప్పుకో ముందు.

పొదిలి_పొగాకు:
మీ ఊళ్ళల్లో ఫైబర్ ఉంది కాబట్టి అరగంట. నేను ఫోన్ హాట్‌స్పాట్ మీద పెట్టా, రోజు డేటా మొత్తం తాగేసింది, సగంలో కరెంటు పోయింది. మళ్ళీ మొదలుపెడితే లాక్ చెయ్యలేనంటది. చూస్తే లైబ్రరీలో 00లాక్ అని ఒక ఫోల్డర్ కూర్చోనుంది. అది తీసేదాకా ఎక్కలేదు. ఎవరన్నా ముందు చెప్తే ఒక పూట మిగిలేది.

అల్లూరు_చెరువు:
అన్నా మీరిద్దరూ ఒక మాట మీదికి రాండి. లిస్టు తీసి ఇన్‌స్టాల్ పెట్టా, చానా వరకు దిగినాయి. ఆర్‌జీడాల్ మాత్రం ఈ వెర్షన్‌కి దొరకదంటుండాది. మ్యాపులు మొత్తం దాని మీదే.

మూలాపేట_మాస్టారు:
చూసినావా! ఇందుకే కాపీ అనేది. 2023 అక్టోబర్లో ఆర్‌జీడాల్, ఆర్‌జియోస్, మ్యాప్‌టూల్స్ మూడూ సీరాన్ (ఆర్ ప్యాకేజీలు దించుకునే సైటు) లోంచి తీసేశారు. వాటిని చూసుకునే పెద్దాయన రిటైరైనాడు, ఆయనతో పాటు అవీ రిటైరు. పాత ఫోల్డర్ డిలీట్ చేసుంటే ఈ పిలకాయకి గతేంది?

ఒంగోలు_గిత్త:
అయ్యా, ఆర్‌జీడాల్ నిండా కంపైల్ చేసిన కోడే. 4.1లో కట్టింది 4.4లో పెడితే నమ్మడానికి లేదు. మీరు ఏ ప్యాకేజీ కోసం కాపీ అంటున్నారో సరిగ్గా ఆ ప్యాకేజీకే కాపీ పనికిరాదు. దాని బదులు ఎస్ఎఫ్ అనే ప్యాకేజీ వేసుకో తమ్ముడూ, మ్యాపు ఫైలు చదివే రీడ్ ఓజీఆర్ కమాండ్ ఉన్న చోట ఎస్‌టీ రీడ్ పెట్టు. ఇంతకీ మాస్టారూ, మూడుసార్లు కాపీ చేశానంటున్నారే, ఏ వెర్షన్ నుంచి ఏ వెర్షన్‌కి?

మూలాపేట_మాస్టారు:
కడాకు 3.5 నుంచి 3.6కి. ఇప్పుడూ 3.6 మీదే ఉండా. బ్రహ్మాండంగా నడుస్తుండాది.

గూడూరు_నిమ్మ:
మాస్టారు 2019లోనే ఆగిపోయుండాడు 😄 అందులో తెలుగు కూడా రాదే సామీ. డేటాఫ్రేమ్‌లో చెరువు అని కొడితే యూ ప్లస్ 0సీ1ఏ అని నంబర్లు పడతాయి.

మూలాపేట_మాస్టారు:
ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టుకుంటా. నీకేం నొప్పి?

ఒంగోలు_గిత్త:
అదేగదా నేననేది. మీ లైబ్రరీ ఫోల్డర్ని 4.0 లోకి కాపీ చేసినా అది తీసుకోదు, 4.0కి ముందు వేసిన ప్యాకేజీ, మళ్ళీ వేసుకో అని మొహం మీదే చెప్పుద్ది. ఆరేళ్ళ కిందటి అనుభవం పట్టుకొచ్చి పిల్లోడికి సలహాలిస్తే ఎట్టా? మీలాంటోళ్ళ వల్లే...

మూలాపేట_మాస్టారు:
మాలాంటోళ్ళ వల్ల ఏందబ్బా? చెప్పు. నేను చెప్పేదా? మా ఆఫీసులో నీలాంటోడే ఒకడు, రేపు పొద్దున రిపోర్టు పోవాలనగా ఈ రోజు సాయంత్రం అప్‌డేట్ కొట్టి ఇంటికి పోయినాడు. రాత్రి రెండు దాకా నేనూ వాచ్‌మెనూ. నా స్క్రిప్టు నాకే ఎర్రర్లిచ్చింది. మాట పడింది నేను. వాడు నెల తిరక్కముందే బెంగళూరు పోయినాడు. వాడి పని కాదు అది, వాడి మిషను కాదు, అయినా బటన్ నొక్కినాడు. ఈ పిలకాయ ల్యాబ్‌లో జరిగిందీ అదే. ప్యాకేజీల గోల తర్వాత, అడక్కుండా ఎందుకు ముట్టుకోవాల?

ఒంగోలు_గిత్త:
సరే, నాది వినండి. నేను చేరిన చోట నాకిచ్చింది మీలాంటి మిషనే. 3.6. రెండొందల పైన ప్యాకేజీలు, ఏది దేనికో రాసిన కాగితం ముక్క లేదు. రాసినాయన రిటైరై ఇంట్లో ఉన్నాడు, ఫోన్ చేస్తే "నడిచేదాన్ని కదిలించబాకు" అన్నాడు. తర్వాత హార్డ్ డిస్క్ పోయింది. కదిలించకుండానే పోయింది! మళ్ళీ నిలబెట్టడానికి మూడు వారాలు, సగం ప్యాకేజీలు సీరాన్‌లో లేవు, సోర్స్ కోడ్ నుంచి కట్టుకోవాలంటే ఆర్‌టూల్స్ అని వేరే సరంజామా వేసుకోవాల, దానికి మళ్ళీ వెర్షన్ గోల. మీరు అప్‌డేట్ చేయనిదంతా మీ తర్వాత వచ్చేవాడు ఒకేసారి చేస్తాడు మాస్టారూ. నేను వాడి తరపున మాట్లాడుతున్నా.

కావలి_ట్రంకురోడ్డు:
విండోస్‌లో రెండు వెర్షన్లూ పక్కపక్కనే పెట్టుకోవచ్చు గదా. 4.1 మళ్ళీ వేసి రేపటి రిపోర్టులు దాంట్లో తీసుకో, 4.4 తీరిగ్గా సర్దుకో.

పొదిలి_పొగాకు:
ఇది మొదట్లోనే చెప్పుంటే 😂

ఒంగోలు_గిత్త:
మంచి మాట. ఆరెన్వ్ అనే ప్యాకేజీ కూడా పెట్టుకో, ఏ ప్యాకేజీ ఏ వెర్షనో లాక్ ఫైల్లో రాసి పెడతది.

మూలాపేట_మాస్టారు:
ఆ కాగితం ముక్క సంగతి మాత్రం నిజమే. నేనూ రాయలా.

అల్లూరు_చెరువు:
కావలి అన్నా, దండం. 4.1 మళ్ళీ వేస్తే పాత ఫోల్డర్ దానంతటదే పట్టుకుంది, రిపోర్టులు పొద్దున్నే పోయినాయి. మధ్యాన్నం కూర్చోని స్క్రిప్టులన్నింట్లో లైబ్రరీ అని ఉన్న లైన్లు వెతికా. 143 అనుకున్నానా, మేం పిలిచేవి 11. తక్కినవన్నీ వాటెనకాల వచ్చినవీ, ఎప్పుడో సరదాకి వేసినవీ. ఆ 11లో ఆర్‌జీడాల్ తీసి ఎస్ఎఫ్ పెట్టా. మ్యాపు వచ్చింది గానీ మొదట ప్రతి కాలమ్‌కీ ఒక బొమ్మ గీసింది, ఎస్‌టీ జామెట్రీ అనే కమాండ్ పెట్టినాక గీతల మ్యాపు ఒక్కటే పడింది. చెరువు పేర్లు తెలుగులోనే వచ్చినాయి, మా కుర్రోడు అది చూపించి నేను చెప్పలా అంటుండాడు. వాణ్ణి ఇంకా తిడుతూనే ఉండా.

మూలాపేట_మాస్టారు:
నా దాంట్లో లెక్క చూశా. 212. పిలిచేవి 19. ఆ లైబ్రరీ లైన్లు వెతికే కమాండ్ ఏదో ఇక్కడ పెట్టు నాయనా, నేను చేత్తో లెక్కేసుండా, కళ్ళు లాగుతుండాయి.

కాపీ మాత్రం తప్పు కాదు.