అమ్మ వాచ్ సాయంత్రానికే ఆరిపోతోంది: బ్యాటరీ మార్పించాలా, కొత్తది కొనాలా?

తెనాలమ్మాయి:

నమస్కారం అండీ. మా అమ్మకి 68 ఏళ్లు, తెనాలిలో ఒక్కతే ఉంటుంది. నేను హైదరాబాద్‌లో, తమ్ముడు డాలస్‌లో. 2021లో అమ్మ బాత్రూమ్‌లో జారిపడింది. పొద్దున పాలబ్బాయి వచ్చి తలుపు కొట్టేదాకా ఎవరికీ తెలియలేదు. ఆ ఏడాది దీపావళికి తమ్ముడు ఆపిల్ వాచ్ ఎస్‌ఈ తెచ్చి అమ్మ చేతికి పెట్టాడు. మొదటి తరం ఎస్‌ఈ, 40 ఎంఎం, సిమ్ లేని మోడల్. అందులో మాకు కావాల్సింది ఒక్కటే, ఫాల్ డిటెక్షన్. గట్టిగా పడితే వాచ్ మణికట్టు మీద తడుతుంది, మోగుతుంది. ఓ నిమిషం పాటు మనిషి కదలకపోతే తనే ఎమర్జెన్సీకి కాల్ చేసి, తర్వాత మా ఇద్దరికీ లొకేషన్‌తో మెసేజ్ పంపుతుంది. సిమ్ లేదు కాబట్టి ఫోన్ దగ్గర్లో ఉండాలి. అమ్మ ఫోన్‌ని చిన్న గుడ్డ సంచీలో వేసుకుని బొడ్లో దోపుకునే తిరుగుతుంది.

కొన్న కొత్తలో రాత్రి పడుకునే వేళకి ఇంకా ముప్పై శాతం ఉండేది. ఇప్పుడు తెల్లవారుజామున నాలుగున్నరకి చార్జర్ మీంచి తీసి పెట్టుకుంటే సాయంత్రం ఐదూ ఆరు మధ్య ఖాళీ. ఒక్కోరోజు పాతిక శాతం చూపిస్తూనే ఆరిపోతోంది. సెట్టింగ్స్‌లో బ్యాటరీ హెల్త్ చూస్తే మ్యాక్సిమమ్ కెపాసిటీ 74 శాతం. అమ్మ ఆరేసిన బట్టలు తేవడానికి డాబా ఎక్కేది పొద్దుగూకాకే. సరిగ్గా అప్పటికే వాచ్ ఆరిపోయి ఉంటోంది.

ఒక షాపులో అడిగితే వాచ్ చేతిలోకి కూడా తీసుకోకుండా "ఇంత పాతదానికి బ్యాటరీ ఎందుకండీ, ఎక్స్‌ఛేంజ్‌లో కొత్తది తీసుకోండి" అన్నారు. ఇంకో చోట గంటలో మార్చిస్తాం, చాలా తక్కువ అవుతుంది అన్నారు. రెండు మాటలూ నమ్మబుద్ధి కాలేదు. మిగతాదంతా నిక్షేపంగా పనిచేస్తున్న వస్తువుని బ్యాటరీ కోసం పక్కన పడేయడానికి నాకు మనసొప్పడం లేదు. అలాగని అమ్మ భద్రత దగ్గర డబ్బు లెక్క చూడను. 74 శాతం అంటే మార్చాల్సిన దశేనా? మార్పిస్తే ఎక్కడ మార్పించాలి?

బీచ్‌రోడ్ రన్నర్ (విశాఖ):

నాది గార్మిన్ కంపెనీ వాచ్, వారానికోసారి చార్జింగ్ పెడతాను. అంటే ఏడాదికి యాభై చిల్లర సార్లు. రోజూ పెట్టే వాచ్‌కి అది 365. అందుకే నా పాత వాచ్ ఇప్పటికీ ఐదు రోజులకి తగ్గకుండా వస్తోంది. కానీ మీ అవసరం చూస్తే ఇది కొనమని చెప్పను. గార్మిన్‌లో ప్రమాదాన్ని పసిగట్టే ఫీచర్ నడక, పరుగు, సైకిల్ లాంటి యాక్టివిటీ ఆన్ చేసుకున్నప్పుడే పనిచేస్తుంది. బాత్రూమ్‌కి వెళ్లేముందు ఎవరూ యాక్టివిటీ ఆన్ చెయ్యరు కదా. ఎక్కువ రోజులు చార్జింగ్ వస్తుందని ఎవరైనా సలహా ఇస్తే ఈ సంగతి గుర్తుంచుకోండి.

సెల్ టెస్టర్:

అక్కా, నేను బెంగళూరులో బ్యాటరీ ప్యాక్‌లు టెస్ట్ చేసే చోట పనిచేస్తాను. మాది రేపల్లె. ముందు మీ అంకెలు చూద్దాం.

ఈ వాచ్‌కి కొత్తలో కంపెనీ చెప్పింది 18 గంటలు. అందులో 74 శాతం అంటే పదమూడు గంటల పైచిలుకు. నాలుగున్నరకి పెట్టుకుంటే ఐదున్నర, ఆరు. అమ్మగారి వాచ్ ఆ వేళకే ఆగుతోంది. అంటే సాఫ్ట్‌వేర్ తేడా కాదు, ఏదో యాప్ తినేస్తోందని వెతకక్కర్లేదు. వాచ్ బ్యాటరీ వెయ్యి పూర్తి చార్జింగ్ సైకిళ్ల దగ్గర (మొత్తం మీద నూరు శాతం వాడితే ఒక సైకిల్) 80 శాతం నిలిచేలా చేశామని ఆపిలే చెబుతుంది. రోజుకి ఒక సైకిల్ చొప్పున వెయ్యి అంటే మూడేళ్లు కూడా కాదు. నాలుగేళ్లు దాటాక 74 అంటే ఆ సెల్, అంటే లోపలి బ్యాటరీ, మర్యాదగానే పనిచేసింది.

పాతిక శాతం ఉండగా ఆరిపోవడం మాత్రం వేరే లక్షణం. లిథియం సెల్‌లో నెగటివ్ వైపు ఉండే గ్రాఫైట్ మీద ఒక పొర పెరుగుతూ పోతుంది. అది లిథియాన్ని కొంచెం కొంచెంగా పట్టేసుకుంటుంది, అందుకే కెపాసిటీ తగ్గుతుంది. దాంతోపాటు లోపలి రెసిస్టెన్స్, అంటే కరెంటుకి తగిలే అడ్డు, కూడా పెరుగుతుంది. పాత ఇన్వర్టర్ బ్యాటరీ ఒక్క బల్బుకైతే గంటలు వస్తుంది, ఫ్యాన్ వెయ్యగానే పడిపోతుంది చూశారా, అదే ఇక్కడా. స్క్రీన్ వెలిగి, స్పీకర్ మోగి, బ్లూటూత్‌లో కాల్ నడిచేసరికి వోల్టేజ్ ఒక్కసారిగా కిందికి జారి వాచ్ ఆఫ్ అయిపోతుంది.

ఇప్పుడు మీరు ఆలోచించాల్సింది ఇది. ఫాల్ డిటెక్షన్ పనిచేసేటప్పుడు జరిగేది కూడా ఇదే: మోత, స్క్రీన్, కాల్, అన్నీ ఒకేసారి. చార్జింగ్ తగ్గినప్పుడు సరిగ్గా ఆ క్షణంలోనే వాచ్ చేతులెత్తేసే ప్రమాదం ఉంది. నోటిఫికేషన్లు చూసుకునే కుర్రాడి చేతికి ఉంటే 74 శాతంతో ఇంకో ఏడాది లాగించమని చెప్పేవాణ్ణి. మీ అమ్మగారి విషయంలో శాతం చూడొద్దు, ఉన్నట్టుండి ఆరిపోవడం మొదలైందంటే మార్చాల్సిందే.

రెండు ప్రశ్నలు. చార్జింగ్ ఎక్కడ పెడుతున్నారు? రాత్రి వాచ్ చేతికి ఉంటుందా?

తెనాలమ్మాయి:

తమ్ముడూ, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. చార్జర్ వంటింటి గట్టు మీద ఉంటుంది, పొయ్యికి మూరెడు దూరం. ప్లగ్ అక్కడే ఉంది. రాత్రంతా వాచ్ అక్కడే, అమ్మేమో పడకగదిలో. రాత్రి ఒకటి రెండుసార్లు బాత్రూమ్‌కి లేస్తుంది.

సెల్ టెస్టర్:

అక్కా, అయితే ముందు వేళలు మార్చండి. ఇది ఇవాళే చెయ్యొచ్చు, పైసా ఖర్చు లేదు.

రాత్రి వాచ్ చేతికే ఉండాలి. పొద్దున పూజలో కూర్చున్నప్పుడు ఒకసారి, సాయంత్రం నాలుగున్నర ఐదింటప్పుడు టీవీ ముందు కూర్చుని ఒకసారి చార్జింగ్ పెట్టమనండి. ఆ రెండు వేళల్లో అమ్మగారు కదలకుండా ఒక చోట ఉంటారు కదా. సున్నా నుంచి 80 శాతానికి దీనికి గంటన్నర పడుతుంది, కాబట్టి సగం చార్జింగ్ ఉన్నప్పుడు ముప్పావు గంట పెట్టినా బాగానే ఎక్కుతుంది. రెండుసార్లు పెడితే బ్యాటరీ తొందరగా పోతుందని భయపడొద్దు. సగం సగం రెండుసార్లు ఎక్కిస్తే లెక్కకి ఒక్క సైకిలే. రాత్రంతా నూరు శాతం దగ్గర ఉంచడం కంటే మధ్యలో తిరగడమే లిథియానికి మంచిది.

చార్జర్‌ని పొయ్యి దగ్గర్నుంచి తీసేయండి. వాచ్ వాడకానికి ఆపిల్ చెప్పే పై హద్దు 35 డిగ్రీలు. మే నెలలో తెనాలిలో నీడలోనే అది దాటిపోతుంది, ఇక వంటింటి సంగతి చెప్పక్కర్లేదు. వేడీ, ఫుల్ చార్జింగూ కలిస్తే సెల్ ముసలిదయ్యేది అక్కడే. పడకగదిలో ఫ్యాన్ కింద ఒక ప్లగ్ వేయించండి.

చార్జింగ్ బొత్తిగా తక్కువైన రోజు లో పవర్ మోడ్ పెట్టుకోవచ్చు, ఫాల్ డిటెక్షన్ ఆగదు. గుండె గురించి వచ్చే హెచ్చరికలు మాత్రం ఆగుతాయి. ఎవరి సలహా విన్నా రిస్ట్ డిటెక్షన్ (వాచ్ చేతికి ఉందో లేదో కనిపెట్టే సెట్టింగ్) ఆపొద్దు. బ్యాటరీ మిగులుతుందని దాన్ని ఆపేస్తే, గట్టిగా పడినా వాచ్ తనంతట తను ఎమర్జెన్సీకి కాల్ చెయ్యదు.

గవర్నరుపేట రిపేర్స్ (విజయవాడ):

అమ్మా, నేను ఫోన్లు, వాచ్‌లు రిపేరు చేస్తాను. మార్చడం గురించి నేను చెప్తాను.

ముందు ఇవాళే ఒక పని చెయ్యమనండి. వాచ్‌ని బల్ల మీద పెట్టి, పక్కనుంచి టార్చి వేసి అద్దం అంచు చుట్టూ చూడాలి. ఎక్కడన్నా సన్నగా పైకి లేచి, సందు కనపడితే బ్యాటరీ ఉబ్బిందన్నమాట. అలా ఉంటే ఇంక చార్జింగ్ పెట్టొద్దు, చేతికీ పెట్టొద్దు, వేలితో నొక్కి సర్దొద్దు. వాచ్ బ్యాటరీ చిన్నదే కదా అనుకోవద్దు. ఫిట్‌బిట్ అయానిక్ అనే మోడల్‌ని బ్యాటరీ వేడెక్కి చేతులు కాలుతున్నాయనే 2022 మార్చిలో వెనక్కి పిలిచారు.

ఉబ్బకపోతే, వాచ్ ఎలా విప్పుతామో వినండి, మీకే అర్థమవుతుంది. వేడి ప్లేటు మీద కాసేపు ఉంచి, అద్దం కింద జిగురు మెత్తబడ్డాక పల్చటి బ్లేడు అంచులో దూర్చి మెల్లగా లేపాలి. పూర్తిగా లేపకూడదు, ఫ్లెక్స్ కేబుళ్లు, అంటే పల్చటి పట్టీల్లాంటి వైర్లు, అద్దానికీ వాచ్ ఒంటికీ కలిసి ఉంటాయి, కాస్త ఎక్కువ లాగితే స్క్రీన్ పోతుంది. ఆపిల్ వాచ్ సిరీస్ 5 దాకా అంచు చుట్టూ ఫోర్స్ టచ్ పొర (అద్దాన్ని గట్టిగా నొక్కితే పసిగట్టేది) ఒకటి ఉంటుంది, చాలామంది విప్పేటప్పుడు చింపేది దాన్నే. ఎస్‌ఈలో అది లేదు, కాబట్టి చెయ్యడం కొంత సులువు. లోపల బ్యాటరీ జిగురుతో అతికి ఉంటుంది, దాన్ని వంచకుండా తియ్యాలి. తర్వాత పాత జిగురు మొత్తం గీకి, కొత్త సీల్ వేసి మూస్తాం. చేతిలో పని ఉన్నవాడు గంటలో చేస్తాడు, అబద్ధం కాదు.

కానీ మూసినాక నీళ్లకి గ్యారంటీ నేనివ్వను. ఫ్యాక్టరీలో వేసిన సీల్‌ని ప్రెషర్ పెట్టి పరీక్షిస్తారు, ఆ మెషీన్ నా దగ్గర లేదు. అది లేకుండా నీళ్లలో పెట్టుకోవచ్చని ఎవరన్నా చెప్తే నమ్మొద్దు. మీ అమ్మగారు పడింది బాత్రూమ్‌లో అన్నారు. అంటే స్నానానికి వెళ్లేటప్పుడే వాచ్ చేతికి ఉండాలి. బయట బ్యాటరీ మార్పిస్తే స్నానానికి ముందు తీసెయ్యాలి. తీసెయ్యాల్సి వస్తే ఇంక అది మీకు దేనికి?

అందుకని నా దగ్గరికి తీసుకురావద్దు. కంపెనీ సర్వీసులో ఇవ్వండి. ఖర్చు ఎంతో మోడల్ ఎంచుకుంటే ఆపిల్ సపోర్ట్ సైట్‌లోనే అంచనా చూపిస్తుంది. చాలాసార్లు అదే వాచ్ తిరిగి రాదు, దానికి బదులుగా వేరే యూనిట్ ఇస్తారు. అదీ మీకు మంచిదే, సీల్ కొత్తగా ఉంటుంది.

ఎడిసన్ తెలుగు:

కొత్తది కొనాలన్నా ఒక మెలిక ఉంది, ఎవరూ చెప్పలేదు. అమ్మగారి ఫోన్ ఏ మోడల్?

తెనాలమ్మాయి:

ఐఫోన్ ఎక్స్‌ఆర్. తమ్ముడు వాడి ఇచ్చింది.

ఎడిసన్ తెలుగు:

అనుకున్నాను. 2025 సెప్టెంబర్‌లో వచ్చిన ఎస్‌ఈ 3 వాచ్‌కి ఐఫోన్ 11 గానీ ఆపైది గానీ కావాలి, అందులో ఐఓఎస్ 26 (ఐఫోన్ నడిపే సాఫ్ట్‌వేర్) ఉండాలి. ఎక్స్‌ఆర్‌కి ఐఓఎస్ 18 తోనే అప్‌డేట్లు ఆగిపోయాయి. కొత్త వాచ్ కొని ఇంటికి తీసుకెళ్తే అమ్మ ఫోన్‌తో జతే కాదు. అప్పుడు ఫోన్ కూడా కొనాలి. ఆండ్రాయిడ్ ఫోన్‌తో ఆపిల్ వాచ్ ఎలాగూ కలవదు. ఆ షాపతను కొత్తది తీసుకోమన్నప్పుడు ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే.

మీ పాత ఎస్‌ఈకి వాచ్ సాఫ్ట్‌వేర్ వాచ్‌ఓఎస్ 10 ఆఖరుది, 2024లో వచ్చిన 11 దానికి రాలేదు. ఫాల్ డిటెక్షన్ మాత్రం ఉన్నదాంతోనే పనిచేస్తుంది. ఇంకో సంగతి, ఆపిల్ ఒక మోడల్ అమ్మడం ఆపిన ఐదేళ్లకి దాన్ని వింటేజ్ జాబితాలో పెడుతుంది, ఆ తర్వాత విడిభాగాలు ఉంటేనే సర్వీసు. మొదటి ఎస్‌ఈని 2022 సెప్టెంబర్‌లో ఎస్‌ఈ 2 రాగానే ఆపేశారు. 2027 సెప్టెంబర్ దాటాక ఇదే బ్యాటరీ పని దొరక్కపోవచ్చు. మార్పించాలనుకుంటే ఇప్పుడే మార్పించండి.

తెనాలమ్మాయి:

అందరికీ చాలా థాంక్స్. అమ్మతో వీడియో కాల్‌లో టార్చి వేయించి చూశాను, అద్దం నాలుగు వైపులా సమంగా ఉంది, ఎక్కడా లేవలేదు. చార్జర్ పడకగదిలోకి మార్పించాను. పూజప్పుడు, సీరియల్ అప్పుడు పెట్టుకోమంటే అమ్మకి ఈ పద్ధతే నచ్చింది. రాత్రి చేతికి ఉంచుకుంటోంది.

కంపెనీ సర్వీసులోనే బ్యాటరీ మార్పిద్దామని నేనూ తమ్ముడూ నిర్ణయించుకున్నాం. ఫోన్‌తో సహా కొత్తవి కొనే పని ఎక్స్‌ఆర్ సంగతి తేలాక చూస్తాం, అప్పుడు రెండూ కలిపే కొంటాం. సర్వీసుకి ఇచ్చేలోపు చూసుకోవాల్సినవి ఏమన్నా ఉంటే చెప్పండి. వాచ్ లేని రోజుల్లో పక్కింటి పిన్ని వాళ్లమ్మాయి అమ్మ దగ్గర పడుకుంటానంది.

గవర్నరుపేట రిపేర్స్ (విజయవాడ):

మంచి పని చేశారమ్మా. ఇచ్చేముందు ఫోన్‌లో వాచ్ యాప్ తెరిచి అన్‌పెయిర్ చెయ్యండి, అంటే ఫోన్‌తో జత విడగొట్టండి. అలా చేస్తే బ్యాకప్ తనే తీసుకుంటుంది, యాక్టివేషన్ లాక్ (వేరేవాళ్లు వాచ్ వాడకుండా ఉండే తాళం) కూడా పోతుంది. లాక్ ఉంటే సర్వీసులో ఆగిపోతుంది. ఆపిల్ ఐడీ పాస్‌వర్డ్ అడుగుతుంది, మీ తమ్ముడు పెట్టి ఉంటే ముందే కనుక్కోండి. బెల్టు తీసి మీ దగ్గరే ఉంచుకోండి, వాచ్ ఒక్కటే ఇవ్వాలి.

తిరిగొచ్చాక మళ్లీ జత చేసినప్పుడు ఫాల్ డిటెక్షన్ ఆన్‌లో ఉందో లేదో కళ్లతో చూడండి. 55 ఏళ్లు దాటినవాళ్లకి అదే ఆన్ అవుతుందంటారు గానీ, ఫోన్‌లో వయసు సరిగ్గా వేసి ఉంటేనే. అందులో రెండు రకాలు ఉంటాయి, ఎప్పుడూ పనిచేసేది ఒకటి, వర్కవుట్ చేసేటప్పుడు మాత్రమే పనిచేసేది ఒకటి. మొదటిది పెట్టండి. ఎమర్జెన్సీ కాంటాక్టుల్లో మీ ఇద్దరి నంబర్లతో పాటు తెనాలిలోనే ఉండేవాళ్లది, ఆ పిన్నిగారిదే అయినా సరే, ఒకటి కలపండి.