అప్‌డేట్: డాబా మీద ఏసీ అవుట్‌డోర్ యూనిట్, స్లాబ్‌కు రంధ్రాలు వేయకుండానే బిగించారు

ఒకటిన్నర టన్ను హాట్ అండ్ కోల్డ్ ఏసీ అవుట్‌డోర్ యూనిట్ స్టాండుకు డాబా స్లాబ్‌లో బోల్టులు కొట్టించవచ్చా అని అడిగాను కదా, పని పూర్తయింది. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

"స్లాబ్ జోలికి పోవద్దు" అన్న మాటే పనికొచ్చింది. రంధ్రం పడితే వాటర్‌ప్రూఫింగ్ దెబ్బతిని కింది గదిలోకి చెమ్మ దిగుతుందని ఇంజినీరు గారూ చెప్పారు. బరువైన కాంక్రీటు దిమ్మెలు పెట్టి, స్టాండును వాటికే బిగించి, యూనిట్ కాళ్ల కింద రబ్బరు ప్యాడ్లు వేశారు. కింద పడుకుంటే గుయ్యిమనే శబ్దమే లేదు.

స్లాబ్ మోస్తుందా అన్న టెన్షన్ అనవసరం, మా యూనిట్ 40 కిలోలు కూడా లేదు.

అసలు ప్రమాదం వేరే చోట ఉంది. ఎలక్ట్రీషియన్ మీటరు పెట్టి చూస్తే పైకెళ్లే లైనుకు ఎర్తింగే లేదు! అది సరిచేసి, విడిగా ఎంసీబీ (లోడ్ ఎక్కువైనా, షార్ట్ అయినా కరెంటు దానంతటదే ఆపేసే స్విచ్) పెట్టాకే ఏసీ ఆన్ చేయనిచ్చారు. మీరూ ముందు అదే చూపించుకోండి.