అప్‌డేట్: కెమెరామన్ హీరో, హెచ్‌ఐవీ, ఇద్దరితో ప్రేమ... ఆ ఫ్రెంచ్ సినిమా దొరికింది

ఎప్పుడో చూసిన సినిమా పేరు గుర్తురాక ఇక్కడ అడిగాను కదా. హీరో కెమెరామన్, హెచ్‌ఐవీ ఉంటుంది, ఒకమ్మాయినీ ఒకబ్బాయినీ ప్రేమిస్తాడు, కథ ఎక్కువగా పారిస్‌లో. అది 1992లో వచ్చిన 'లే న్యుయి ఫోవ్'. ఇంగ్లీషు పేరు 'సావేజ్ నైట్స్'.

సాయం చేసినవాళ్లందరికీ థాంక్స్. పనికొచ్చింది మాత్రం ఫ్రాన్స్ వాళ్ల సీజర్ అవార్డుల జాబితా చూడమన్న సలహా. 1993లో ఉత్తమ చిత్రం ఇదే, ఉత్తమ తొలి చిత్రం కూడా ఇదే. హీరో ప్రేమించే అమ్మాయి లారాగా చేసిన రొమాన్ బోరింజేకి వర్ధమాన నటి అవార్డు వచ్చింది. దర్శకుడు సిరిల్ కొలార్ అవి చూడలేదు. వేడుకకి మూడు రోజుల ముందే ఎయిడ్స్‌తో చనిపోయాడు, వయసు 35. సినిమాకి ఆధారమైన నవల తనదే, హీరో జాన్‌గా చేసింది కూడా తనే. హెచ్‌ఐవీకి గట్టిగా పనిచేసే మందుల కలయిక 1996 దాకా రాలేదు మరి.

ఎక్కువమంది చెప్పిన 'ఫిలడెల్ఫియా' కాదండీ. అందులో హీరో లాయరు, కథ కోర్టు కేసు చుట్టూ తిరుగుతుంది. పోస్టర్ రంగులు, పాటల గురించి నడిచిన చర్చ కూడా దేనికీ అక్కరకి రాలేదు.

మళ్లీ చూశాను. తనకి వైరస్ ఉందని తెలిసీ జాన్ ముందు లారాకి చెప్పడు. సినిమా దాన్ని ఖండించదు, వెనకేసుకూ రాదు. ఫ్రాన్స్‌లో అప్పట్లో గొడవ జరిగింది ఈ విషయం మీదే. నాకైతే ఇప్పటికీ అతని మీద కోపం పోలేదు, సినిమా మాత్రం నచ్చింది.