అప్‌డేట్: మధ్యాహ్నం ట్రిప్ అవుతున్న సోలార్ ఇన్వర్టర్ సంగతి

ఎండ బాగా ఉన్న రోజే మా ఇన్వర్టర్ ఎందుకు ఆగిపోతోందని అడిగాను కదా, కారణం దొరికింది. పాపం, ఇన్నాళ్లూ దాన్నే తిట్టుకున్నాను. మీరు చెప్పినట్టే పవర్ క్వాలిటీ లాగర్ (లైన్ వోల్టేజ్‌ని ఎప్పటికప్పుడు నమోదు చేసే మీటర్) వారం రోజులు పెట్టి 10 నిమిషాల సగటు వోల్టేజ్ చూశాను. ఉదయం 236 వోల్టులు ఉన్నది పన్నెండున్నరకి 254 దాటుతోంది. ఇంటికి రావాల్సిన 230 మీద పది శాతం ఎక్కువంటే 253, అక్కడే ఇన్వర్టర్ కట్. మాది లైన్ చివర. చుట్టుపక్కల ప్యానెళ్లన్నీ ఒకేసారి కరెంట్ వెనక్కి తోస్తుంటే వోల్టేజ్ పెరగక ఏం చేస్తుంది! మబ్బు పట్టిన రెండు రోజులూ ఒక్క ట్రిప్ లేదు. వోల్ట్-వార్ సెట్టింగ్ (వోల్టేజ్ పెరిగితే ఇన్వర్టరే దాన్ని కాస్త తగ్గించే ఏర్పాటు) ఆన్ చేయించాక ఇన్వర్టర్ రియాక్టివ్ పవర్ (పని చేయకుండా లైన్లో అటూ ఇటూ తిరిగే పవర్) తీసుకుంటూ ఉంటే వోల్టేజ్ 250 దగ్గర నిలుస్తోంది. లైన్ వోల్టేజ్ కాస్త తగ్గేలా ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ (వోల్టేజ్ సర్దే అమరిక) మార్చమని కరెంటు ఆఫీసులో అర్జీ పెట్టాను, ఇంకా ఎవరూ రాలేదు. ఈలోగా మర్నాటి ఎండ అంచనా చూసుకుని మా కరెంట్ లైన్లోకి పోకుండా ఇంట్లోనే ఖర్చయ్యేలా మోటారు, గీజర్ మధ్యాహ్నమే వేస్తున్నాను.